కుక్కతో కాటేజీ సెలవులు: బ్రిటన్ తీరాలకు, పల్లెలకు వెళ్లే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉంటూ కుక్కను పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలకు సెలవులు దగ్గరపడగానే దాన్ని ఎవరింట్లో వదిలివెళ్లాలన్న బెంగ మొదలవుతుంది. ఇక్కడి సముద్రతీరాల్లోనూ పల్లెల్లోనూ కుక్కను వెంటబెట్టుకొని దిగడానికి వీలైన కాటేజీలు వారానికో, మూడు నాలుగు రాత్రులకో అద్దెకు దొరుకుతాయి కనుక ఆ బెంగ అక్కరలేదు. మా ఇంట్లో సింహం అనే స్పానియల్ ఉంది; పేరు సింహమే గాని టపాకాయ చప్పుడు వినిపిస్తే మంచం కిందికి దూరుతుంది. దానితో కలిసి నార్ఫక్, నార్తంబర్లాండ్, డోర్సెట్, యార్క్‌షైర్ డేల్స్ ప్రాంతాలు తిరిగిన అనుభవంతో, తెలిసినవారు మమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

ప్రకటనలో “కుక్కలకు అనుమతి ఉంది” అని ఉంటే సరిపోదా?

సరిపోదు. ఆ ఒక్క మాట చాటున ఎన్నో రకాల ఇళ్లు ఉంటాయి. కొందరు యజమానులు కుక్కను మనస్ఫూర్తిగా రానిస్తారు. కొందరు ఖాళీ వారాలు నిండడం కోసం ఒప్పుకొని, మనం లోపలికి అడుగుపెట్టాక గోడకు అతికించిన నిబంధనల పట్టికతో పలకరిస్తారు. అందుచేత ఎన్ని కుక్కలను రానిస్తారు, ఒక్కోదానికి ఎంత రుసుము, ఆ రుసుము వారానికా లేక మొత్తం బసకా, పడకగదుల్లోకి వెళ్లనిస్తారా, సోఫా ఎక్కనిస్తారా, ఏడాది నిండని కూనలకు అభ్యంతరం ఉందా అన్న విషయాలను డబ్బు కట్టేముందే అడిగి తెలుసుకోవాలి. ఫోనులో చెప్పిన మాట కంటే ఈమెయిల్లో వచ్చిన జవాబు మేలు, ఎందుకంటే తాళంచెవి ఇచ్చే రోజున మనకు కనిపించేది ఇంటి యజమాని కాక ఇల్లు శుభ్రం చేసే మనిషి కావచ్చు.

ఫొటోలను జాగ్రత్తగా చూసినా కొంత తెలుస్తుంది. నేల రాతిపలకలతోనో చెక్కతోనో ఉండి, వెనక గుమ్మం దగ్గర లీడ్ తగిలించే కొక్కేలు, బయట ఒక కుళాయి, పాత తువాళ్ల దొంతర కనిపిస్తే, తడిసిన కుక్క ఇంట్లోకి వస్తే ఏమవుతుందో ఆ ఇంటివారికి తెలుసని అర్థం. (మెడపట్టీకి తగిలించే తాడును ఇక్కడ అందరూ లీడ్ అనే అంటారు కనుక నేనూ అదే వాడుతున్నాను.) గదినిండా మీగడరంగు తివాచీ పరచి, గాజు టీపాయ్ మీద పూలకుండీ పెట్టిన ఇంటికి అనుమతి ఉన్నా నేను వెళ్లను, వారం రోజులూ తుడుపుగుడ్డ పట్టుకొని కుక్క వెనక తిరగడానికి అంత డబ్బు పోయనక్కరలేదు.

చూపులేనివారికి దారిచూపే కుక్కల వంటి సహాయ కుక్కల సంగతి వేరు. 2010 నాటి సమానత్వ చట్టం కింద వాటిని మామూలు పెంపుడు కుక్కలుగా లెక్కగట్టి అదనపు రుసుము అడగకూడదు.

పెరటికి కంచె ఉందని రాశారు. కుక్కను ధైర్యంగా వదిలేయవచ్చా?

మాకు ముచ్చెమటలు పట్టించినది ఈ కంచె సంగతే కనుక కాస్త వివరంగా చెబుతాను. “చుట్టూ కంచె ఉన్న పెరడు” అన్న మాటకు మూడడుగుల రాతిగోడ మొదలుకొని ఆరడుగుల చెక్కదడి వరకు ఏదైనా అర్థం కావచ్చు. యార్క్‌షైర్ డేల్స్‌లో సున్నం గాని సిమెంటు గాని లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు చూడముచ్చటగా ఉంటాయి. కాని వాటిలో కొన్నింటికి, గొర్రెలు ఒక పొలం నుంచి మరొక పొలంలోకి దాటడానికి వీలుగా, అడుగున చదరపు కంత వదిలిపెడతారు. మేము దిగిన ఇంటి పెరటిగోడకు అలాంటి కంతే ఉంది. దానికి ఎవరో ఒక పలుచని రాతిపలకను అడ్డంగా ఆనించి వదిలేశారు. మొదటి రోజు సాయంత్రం నేను టీ కాచుకొని బయటికి వచ్చేసరికి ఆ పలక పక్కకు పడి ఉంది, సింహం లేదు. గోడ మీదుగా చూస్తే అవతల ముప్పై గొర్రెల దాకా ఒక మూలకు చేరి మావైపే చూస్తున్నాయి. వాటికీ గోడకూ నడుమ తడిగడ్డిలో మావాడు చెవులు వేలాడేసుకొని కూర్చుని ఉన్నాడు. గొర్రెలు వాణ్ని చూసి బెదిరినదానికంటే వాడే గొర్రెలను చూసి ఎక్కువ బెదిరాడు. అవి పరుగు లంకించుకొని ఉంటే, లేదా అది గొర్రెలు ఈనే కాలమై ఉంటే, ఈ సంగతిని ఇంత తేలికగా రాయగలిగేవాణ్ని కాదు.

కాబట్టి కంచె ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. అది ఎంత ఎత్తు ఉంటుంది, అన్ని వైపులా ఉందా, గేటు కింద ఎంత సందు ఉంది, ఆ పెరడు మనకొక్కరికేనా లేక పక్క కాటేజీవాళ్లతో ఉమ్మడా అని అడగాలి. ఇంటికి చేరగానే, సామాను దించకముందే, కుక్కను కారులోనే ఎవరికైనా అప్పగించి గోడ వెంబడి ఒక చుట్టు నడవాలి. నిలబడి చూస్తే కనబడని సందులు కుక్క కళ్ల ఎత్తుకు వంగితే కనబడతాయి.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

సముద్రతీరానికైతే ముందుగా తీరాల నిబంధనలను చూసి, తరువాతే తేదీలు ఖాయం చేసుకోవాలి. జనం ఎక్కువగా వచ్చే చాలా బీచ్‌లలో మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కుక్కలను రానివ్వరు. కొన్ని చోట్ల ఈ నిషేధం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకే ఉంటుంది. కొన్ని చోట్ల బీచ్‌లో ఒక భాగానికే వర్తిస్తుంది. ఏడాది పొడవునా ఏ అడ్డూ లేని బీచ్‌లూ ఉన్నాయి. 2014లో వచ్చిన ఒక చట్టం కింద స్థానిక కౌన్సిళ్లు ఈ ఉత్తర్వులను జారీ చేస్తాయి, ఉల్లంఘిస్తే జరిమానా వేస్తాయి. “సముద్రానికి రెండు నిమిషాల నడక” అన్న ప్రకటన చూసి ఆగస్టులో బుక్ చేసుకొని, తీరా వెళ్లాక ఆ రెండు నిమిషాల దూరంలో ఉన్న ఇసుక మీద కుక్క కాలు పెట్టకూడదని తెలుసుకొని, ప్రతిరోజూ అరగంట కారులో మరో బీచ్‌కు వెళ్లివచ్చిన కుటుంబాలు మాకు తెలుసు. కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవడమే గాక బీచ్ దారి మొదట్లో పెట్టిన బోర్డును కూడా చదవాలి.

పల్లెలకు లెక్క వేరు. వసంతంలో గొర్రెపిల్లలు, నేల మీద గూడుకట్టే పక్షులు ఉంటాయి కనుక కుక్కను ఎక్కువసేపు లీడ్ మీదే ఉంచాలి. జులై చివరి నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా బడి సెలవులు కావడంతో అద్దెలు చుక్కలనంటుతాయి. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే బడి పిల్లలు లేనివారికి అక్టోబరు మొదటి పక్షమే అన్నిటికంటే మంచిదని నా అభిప్రాయం: బీచ్‌లు తెరుచుకుంటాయి, అద్దె తగ్గుతుంది, చలి ఇంకా ముదరదు. మా సింహంలాంటి పిరికి కుక్కలున్నవారు నవంబరు 5 చుట్టుపక్కల రోజులను వదిలేయాలి. ఆ రాత్రి దేశమంతటా బాణసంచా కాలుస్తారు, దానికి ముందో వెనకో మన దీపావళి కూడా వస్తుంది.

మొదటిసారి వెళ్లేవారికి ఏ ప్రాంతం అనువుగా ఉంటుంది?

నన్నడిగితే నార్తంబర్లాండ్ అంటాను. బాంబరా కోట కింద ఇసుక మైళ్ల పొడవునా పరుచుకొని ఉంటుంది, వేసవిలోనూ దక్షిణాది తీరాలంత రద్దీ ఉండదు. గాలి మాత్రం జూన్‌లో కూడా చెవులు కోస్తుంది. అక్కడికి దగ్గరలోని బీడ్నెల్ బే తీరంలో లాంగ్ నానీ అనే వాగు ముఖద్వారం దగ్గర టెర్న్ పక్షులు ఇసుక మీదే గుడ్లు పెడతాయి కనుక వేసవిలో కుక్కలతో ఆ పక్కకు పోకూడదు.

నార్ఫక్‌లో హోకమ్ బీచ్ వెనక పైన్ చెట్ల అడవి, ముందు కనుచూపు మేర ఇసుక ఉంటాయి, కుక్కకు అది స్వర్గమే. అక్కడా పక్షులు గూళ్లు కట్టే నెలల్లో కొన్ని భాగాలకు తాళ్లు కట్టి, లీడ్ తప్పనిసరి చేస్తారు. అదే తీరంలోని బ్లేక్నీ పాయింట్, హార్సీ ప్రాంతాలలో నవంబరు నుంచి జనవరి దాకా గ్రే సీల్స్ అనే సముద్రపు జంతువులు ఒడ్డుకు వచ్చి పిల్లలను కంటాయి. తల్లి సీల్ కరిస్తే కుక్కకు పెద్ద గాయమవుతుంది, బెదిరిన తల్లి పిల్లను వదిలేసిపోయే ప్రమాదమూ ఉంది.

డోర్సెట్, డెవాన్, కార్న్‌వాల్ తీరాలు అందంలో మేటివే. మైన్‌హెడ్ నుంచి పూల్ హార్బర్ దాకా 630 మైళ్లు సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ ఆ తీరం వెంటే పోతుంది. అయితే ఎక్కుదిగుడులు ఎక్కువ, వయసు మీరిన కుక్కలకు కష్టం. వేల్స్‌లో 2012లో తెరిచిన 870 మైళ్ల తీరమార్గమూ అలాంటిదే. పీక్ డిస్ట్రిక్ట్, డేల్స్ వంటి పల్లెసీమల్లో గోడలు దాటడానికి నిటారుగా రాతిమెట్లు ఉంటాయి. ముప్పై కిలోల లాబ్రడార్‌ను చేతులతో ఎత్తి అవతలికి దించవలసి వచ్చినప్పుడు నడుముకు తెలుస్తుంది.

కొండకొమ్ముల మీద, ఆటుపోట్ల విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

అంచున నడిచేటప్పుడు లీడ్ విప్పకూడదు. సీగల్ వెంట పరుగెత్తిన కుక్కకు నేల ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. డోర్సెట్ తీరంలోనూ, ససెక్స్‌లోని సెవెన్ సిస్టర్స్ దగ్గరా సుద్దకొండలు విరిగిపడుతూ ఉంటాయి కనుక అంచుకు దూరంగానూ, కింద నడిచేటప్పుడు కొండపాదానికి దూరంగానూ ఉండాలి. కుక్క కింద పడినా, నీటిలో కొట్టుకుపోయినా దాని వెనక మనం దిగకూడదు. 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పాలి. చాలాసార్లు కుక్క తనంతట తాను ఈదుకొని ఒడ్డుకు వస్తుంది, దాని కోసం దిగిన మనిషే ప్రమాదంలో పడతాడు.

ఆటుపోట్ల వేళలను రోజూ చూసుకోవాలి. నార్తంబర్లాండ్‌లోని హోలీ ఐలాండ్‌కు వెళ్లే రోడ్డును రోజుకు రెండుసార్లు పోటు ముంచేస్తుంది; దాటదగిన వేళలను కౌన్సిల్ ప్రకటిస్తుంది, “ఇంకా నీళ్లు రాలేదుగా” అని తెగించినవారి కార్లు ఏటా అక్కడ మునుగుతూనే ఉంటాయి.

గొర్రెలు, ఆవులు ఉన్న పొలాల గుండా దారి పోతోంది. నడవవచ్చా?

నడవవచ్చు. ఇంగ్లండ్‌లో పొలాల గుండా ప్రజలు నడిచే హక్కున్న దారులు ఎన్నో ఉన్నాయి. అటువంటి దారి మీద కుక్క మన అదుపులో ఉండాలి. 2000 సంవత్సరపు చట్టం కింద తెరిచిన కొండమైదానాల్లోనైతే మార్చి 1 నుంచి జులై 31 వరకూ, పశువులు దగ్గరలో ఉంటే ఏడాది పొడవునా, రెండు మీటర్లు మించని లీడ్ తప్పనిసరి. గొర్రెలను తరమడమే గాక, గొర్రెలున్న పొలంలో అదుపు లేకుండా తిరగడం కూడా 1953 నాటి చట్టం ప్రకారం నేరమే. మంద మీద పడిన కుక్కను ఆపడానికి వేరే దారి లేక రైతు కాల్చివేస్తే, కొన్ని షరతులకు లోబడి చట్టం అతన్నే కాపాడుతుంది. చూడి గొర్రెలు బెదిరి పరుగెత్తితే కరవకపోయినా గర్భాలు పోతాయి. ఊళ్లో మేకలు, గొర్రెలు కాసిన ఇంటినుంచి వచ్చినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆవుల విషయంలో సలహా తిరగబడుతుంది. దూడలున్న ఆవులు కుక్కను చూసి మీదికి వస్తే లీడ్ వదిలేయాలి. అవి వచ్చేది కుక్క కోసమే, కుక్క వాటికంటే వేగంగా తప్పించుకోగలదు. దాన్ని గుండెకు హత్తుకొని నిలబడితే కొమ్ములకూ గిట్టలకూ మనం దొరుకుతాము. కుక్క విసర్జించినదాన్ని పొలంలోనూ సంచిలోకి ఎత్తాలి, ఎందుకంటే దాని ద్వారా ఆవులలో గర్భస్రావం కలిగించే పరాన్నజీవి వ్యాపించగలదు. ఎత్తిన సంచిని చెట్టుకొమ్మకు తగిలించి పోయేవారి గురించి నేనేమీ అనను.

అక్కడ కుక్క ఆరోగ్యానికి ముప్పు తెచ్చేవి ఏమిటి?

సముద్రపు నీరు మొదటిది. బంతి కోసం అలల్లోకి పదేపదే దూకే కుక్క తెలియకుండానే చాలా ఉప్పునీరు మింగుతుంది, అది వాంతులతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. సీసాలో మంచినీళ్లు తీసుకెళ్లి మధ్యమధ్య తాగించాలి. తుపానుల తరువాత ఒడ్డుకు కొట్టుకొచ్చే తెల్లని పామాయిల్ గడ్డలు కుక్కలకు కమ్మని వాసన వేస్తాయి, వాటిని తిననివ్వకూడదు. వేసవిలో చెరువుల మీద పచ్చని నాచులా తేలే ఆల్గే కొన్ని విషపూరితాలు, వాటికి విరుగుడు మందు లేదు. ఫెర్న్ పొదల్లో తిరిగివచ్చిన రోజు చెవుల వెనక, కాలివేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకాలి. ఇసుకదిబ్బల్లో, పొదమైదానాల్లో ఆడర్ అనే పాము ఎండ కాచుకుంటూ ఉంటుంది. అది మన రక్తపింజర కుటుంబానికే చెందినది, బ్రిటన్‌లో విషమున్న పాము అదొక్కటే. కరిచిందని అనుమానం వస్తే కుక్కను నడిపించకుండా ఎత్తుకొని వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఊరికి చేరిన రోజే దగ్గరలోని పశువైద్యశాల నంబరును ఫోనులో పెట్టుకోవడం మా అలవాటు.

కాటేజీలో మన వంట వండుకోవచ్చా?

వండుకోవచ్చు, కాని రెండు విషయాలు ఉన్నాయి. పాతకాలపు కాటేజీల కప్పులు చేతికందేంత కిందికి ఉంటాయి, వంటగది గుమ్మం పైనే పొగను పసిగట్టే అలారం ఉంటుంది. మేము ఒకసారి పప్పులోకి ఎండుమిరపకాయల తాలింపు పెట్టగానే అది మోగింది. ఆ మోతకు సింహం ఊళపెట్టి, ఘాటుకు మేమంతా దగ్గి, గాలి కోసం ఎవరో వీధి తలుపు తెరిచారు. తలుపు తెరిచిన మరుక్షణం కుక్క రోడ్డు మీద ఉంది. అప్పటినుంచి తాలింపు గింజలు నూనెలో పడకముందే కిటికీ తెరుస్తాము, కుక్కను వేరే గదిలో ఉంచి తలుపేస్తాము.

రెండవది, మన వంటలో ఉండే కొన్ని వస్తువులు కుక్కకు విషంతో సమానం. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలవు. అంటే కూరలు కలిపిన అన్నమూ, కిస్‌మిస్ వేసిన పరమాన్నమూ పెట్టకూడదు. పోపు వేయని పెరుగన్నం కొంచెం పెడితే చాలా కుక్కలకు ఇబ్బంది ఉండదు. మటన్ కూరలో ఉడికిన ఎముకలు చీలికలై గొంతులో గుచ్చుకుంటాయి కనుక చెత్తబుట్టకు మూత ఉందో లేదో చూసుకోవాలి.

కుక్కను కాటేజీలో వదిలి మేము భోజనానికి వెళ్లవచ్చా?

చాలామంది యజమానులు ఒప్పుకోరు. ఒప్పుకున్నా, కొత్తచోట ఒంటరిగా ఉన్న కుక్క అరుస్తుంది, తలుపు గీరుతుంది. పల్లెల్లోని పబ్బుల్లో చాలావాటిలో కుక్కను లోపలికి రానిస్తారు, నీళ్ల గిన్నె కూడా పెడతారు; వెళ్లేముందు ఫోన్ చేస్తే చాలు. ఎండలో ఆపిన కారులో మాత్రం కిటికీ దించినా సరే వదలకూడదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇంట్లో కుక్క తిరగడం అలవాటు లేదు. వారిని తీసుకెళ్లవచ్చా?

ఇది కుక్క ప్రశ్నలా కనిపించినా గదుల ప్రశ్న. కింది అంతస్తులో స్నానాలగదితో కలిసిన పడకగది, దానికి గట్టిగా మూసుకునే తలుపు ఉన్న ఇల్లు చూడండి. పాత కాటేజీల మెట్లు నిచ్చెనల్లా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కలేరు. కుక్క మేడ మీదికి రాకూడదన్న యజమాని నిబంధన ఇక్కడ మనకే కలిసివస్తుంది: మెట్లు ఎక్కగలిగినవారైతే పెద్దవారికి పై గదులు ఇచ్చేయవచ్చు. మా అత్తగారు మొదటి రెండు రోజులు కుక్క ముట్టిందని మళ్లీ మళ్లీ చేతులు కడుక్కొని, మూడవ రోజు సముద్రపు గాలిలో దానికే తన శాలువా కప్పారు.

కారు లేకపోతే ఎలా?

రైళ్లలో ప్రయాణికునికి రెండు కుక్కల వరకు టికెట్ లేకుండా అనుమతిస్తారు. సీటు మీద మాత్రం కూర్చోబెట్టకూడదు. అయితే చాలా కాటేజీలు స్టేషన్‌కు మైళ్ల దూరంలో ఉంటాయి, పల్లె బస్సుల్లో కుక్కను ఎక్కించుకోవడం చాలావరకు డ్రైవరు ఇష్టం. కారులో అయితే హైవే కోడ్ 57వ నియమం ప్రకారం కుక్కకు బెల్టు వేయాలి, లేదా బోనులోనో జాలీ వెనకో ఉంచాలి.

వెంట ఏ ఆధారాలు ఉండాలి?

చట్టం ప్రకారం రెండు కావాలి. 2016 ఏప్రిల్ 6 నుంచి కుక్కలకు మైక్రోచిప్ తప్పనిసరి. ఇల్లు మారినవారు చిప్ నంబరు కింద నమోదైన చిరునామాను మార్చారో లేదో బయలుదేరేముందు చూసుకోవాలి. బయట తిరిగేటప్పుడు మెడపట్టీకి యజమాని పేరు, చిరునామా ఉన్న బిళ్ల ఉండాలని 1992 నాటి ఉత్తర్వు చెబుతుంది. బిళ్ల వెనక సెల్ నంబరు కూడా చెక్కించండి, ఎందుకంటే మీరు డేల్స్‌లో ఉన్నప్పుడు దొరికిన కుక్కను ఎవరూ లెస్టర్‌లోని మీ ఇంటికి తీసుకెళ్లరు. ఎక్స్‌ఎల్ బుల్లీ జాతి కుక్కను పెంచేవారికి ఇంకొక కాగితం కావాలి: ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా ఆ జాతిని ఉంచుకోవడమే నేరం, బయట మూతికి బుట్ట, లీడ్ తప్పనిసరి.

ఏదైనా పాడైతే దాచాలా, చెప్పాలా?

చెప్పాలి, అదీ వెళ్లే రోజున కాక జరిగిన రోజునే. కుర్చీకాలు కొరికితే ఫొటో తీసి పంపి, బాగుచేయించే ఖర్చు ఇస్తామంటే చాలామంది యజమానులు సర్దుకుపోతారు. ఖాళీ చేసే వేళ మామూలుగా ఉదయం 10 గంటలు కనుక ముందురోజు రాత్రే సోఫా మీది వెంట్రుకలను తడి రబ్బరు గ్లౌజుతో తుడిస్తే ఉండలుగా వచ్చేస్తాయి. ఇంటి దుప్పటి ఒకటి తెచ్చుకొని మొదటి రోజే సోఫా మీద పరుచుకుంటే ఆ పని కూడా ఉండదు.